నా నెత్తి మీది ఒట్టు

తమ్ముని కాలివేలు నల్లబడ్డదన్న ముచ్చట మొదలు నాకు చెప్పింది వాళ్ల ముఠా పెద్ద. మేమందరం ఆయనను కాక అంటం. నల్లగొండ దగ్గర ఒక రైస్ మిల్లులో బస్తాలు మోసే పన్నెండు మంది హమాలీలకు ఆయనే పెద్దదిక్కు. మర్రిగూడ పక్కనున్న మా ఊర్ల చుట్టాలింట్ల పెండ్లికి వచ్చినోడు, పొద్దున్నే మా గడప ముందట నిలబడ్డడు. చేతిల బీడీ ఉంది కానీ ముట్టించలేదు. ఆ యాల్లకు మా ఇంట్ల ప్రార్థన జరుగుతదని ఆయనకు తెలుసు. మా మతం కాకున్నా ఆ మర్యాద ఎన్నడూ తప్పలేదు.

"బిడ్డా, నీ తమ్ముడు ఏమన్న చెప్పిండా?"

"ఏం చెప్పాలె కాకా?"

"చెప్పడని తెలిసే వచ్చిన. ఎడమకాలు వేలు బొగ్గోలె అయింది. నాలుగడుగులేస్తే పిక్క పట్టేస్తాందని కూలబడుతుండు. దవాఖానల చూపించినం. రక్తం పోయే దారులు మూసుకపోతున్నయట. బీడీ బందు చేస్తే కాలు ఉంటది, చెయ్యకుంటే ఉండదు అన్నడు డాక్టరు. గంతే, రెండే మాటలు."

కాక తలకాయ వంచుకోని, "నువ్వు చెప్తే ఇంటడు బిడ్డా. నేను చెప్తే ఏం ఇంటడు? నేను చెప్పేటప్పుడు నా నోట్లె బీడీ ఉంటది గద" అన్నడు.

ఆ ముచ్చట మోసుకొని గడప దాకా వచ్చినందుకు ఆయనకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్న.

మా తమ్ముని కాలంటే మా ఇంటికి ఏమిటో చెప్పాలంటే, ముందు నా కాళ్ల సంగతి చెప్పాలె. మా ఊరి ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగి నాకు ఏడెనిమిదేండ్ల వయసులనే మోకాళ్లు వంగిపోయినయి. బడి ఊరికి ఆ కొసకు ఉండె. నడవలేక ఇంట్లనే ఉన్న. బాపు కూలికి పోయి వచ్చి, కాళ్లు చేతులు కడుక్కోని, బొగ్గుముక్కతోటి బండ మీద అక్షరాలు రాసి నాతోటి దిద్దించిండు. చర్చిల పాడే పాటల పుస్తకమే నాకు మొదటి వాచకం. నేను ఇట్ల నాలుగు ముక్కలు రాస్తున్ననంటే అది ఆ బొగ్గు పుణ్యం. దేవునికి స్తోత్రం.

తమ్ముడు నాకంటె నాలుగేండ్లు చిన్న. నా కాళ్లను చూసినంక బాపుకు భయం పట్టుకుంది. వాని కోసమని రెండూర్ల అవతలి మంచినీళ్ల బావికి సైకిల్ మీద పోయి, రోజుకు ఒక బిందె నీళ్లు తెచ్చేది. ఆ నీళ్లు వానికే. నేను అడగకపోయేది. నావి పోయినయి, వానివన్న ఉండాలె అని నాకు గూడ ఉండె. వాడు ఎదిగినంక నన్ను ఉప్పుమూట ఎత్తుకోని చర్చికి తీసుకపోయేటోడు. పెద్దయి హమాలి పనిల చేరినంక, "నాకు ఈ పని ఎవరు నేర్పిన్రనుకున్నవ్? నిన్ను మోసి మోసి నేర్చుకున్నదే" అని ఎక్కిరించేటోడు. పెండ్లి చేసుకోని మిల్లు దగ్గరి పానగల్‌ల ఒక గది కిరాయికి తీసుకున్నడు. అయినా నెల మొదటి ఆదివారం బస్సెక్కి మా ఊరొచ్చి, నన్ను చర్చి మెట్లెక్కించి, మళ్ల ఇంట్ల దించి పోయేటోడు. ఒక్క నెల తప్పలేదు.

రాష్ట్రం వచ్చినంక కొన్నేండ్లకు మా వాకిట్లకు నల్లానీళ్లు వచ్చినయి. నల్లా తిప్పినప్పుడల్లా నేను స్తోత్రం చెప్పుకుంట. కాక ముచ్చట తెచ్చింది ఆ తర్వాతి ఏడు.

ఆ నెల మొదటి ఆదివారం తమ్ముడు వచ్చిండు. నన్ను ఎత్తుకోబోతే వద్దన్న. పక్కింటి చక్రాల బండి అడిగి పెట్టుకున్న. వాడు బండిని చూసి, నన్ను చూసి, "కాక చెప్పిండా?" అన్నడు. చర్చి నుంచి వచ్చి జొన్నరొట్టె తిన్నంక వాని కాలు చూస్త అన్న. చూపియ్యలేదు. అప్పుడు నేను వాని కుడిచెయ్యి గుంజి నా నెత్తి మీద పెట్టుకున్న.

"ఒట్టు వెయ్యి. ఇంక బీడీ ముట్టనని నా మీద ఒట్టు వెయ్యి."

వాడు చెయ్యి గుంజుకోబోయిండు. "అక్కా, గిదొద్దు. ఒట్లు పెట్టుకోవద్దని మన చర్చి అయ్యగారే చెప్తడు గద."

"అయ్యగారికి, దేవునికి నేను చెప్పుకుంట. నువ్వు వెయ్యి."

వాడు నా ముఖం చూసి చూసి, "నీ మీద ఒట్టక్కా. ఇంక ముట్ట" అన్నడు. జేబుల బీడీకట్ట, అగ్గిపెట్టె తీసి పొయ్యిల వేసిండు. అగ్గిపెట్టె భగ్గుమన్నది. ఇద్దరం నవ్వినం.

వాడు పోయినంక మోకరించ చాతగాదు గనక మంచం మీదనే కూసోని చాలాసేపు స్తోత్రం చేసిన. వాని కాలు నిలబెట్టిన అనుకున్న. ఒట్టు వద్దన్నది వాడు, పెట్టించింది నేను. భక్తి గల్లదాన్నని పేరు మాత్రం నాది.

తర్వాతి నెల మొదటి ఆదివారం వాడు రాలేదు. ఫోన్ చేస్తే, "ధాన్యం సీజనక్కా, లారీల మీద లారీలు" అన్నడు.

"కాలు ఎట్లున్నది?"

"ఉన్నది."

"బీడీ?"

"ఊఁ" అన్నడు. ఆ ఊఁ నాకు కావలసినట్టు నేను విన్న.

నిజానికి ఆ ఆదివారానికి రెండు వారాల ముందే నేను వాకిట్ల పడ్డ. నల్లా దగ్గర బండ పాకురు పట్టింది, ఊతకర్ర జారింది. ముంజేయి విరిగి పట్టీ కట్టిన్రు. ముచ్చట తెలిసి మరదలు బత్తాయిలు పట్టుకోని వచ్చింది. తమ్ముడు రాలేదు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే మంచం కోడు పట్టుకోని కూసున్నోడు, ఎముక విరిగితే రాలేదు. నాకు దుఃఖమొచ్చింది. మరదలు రానిస్తలేదేమోనని గూడ అనుకున్న. ఆ పిల్ల నా తల దువ్వి, బత్తాయి ఒలిచి తొనలు నోట్లె పెడుతుంటే అనుకున్న. దేవుడు నన్ను క్షమించాలె.

మూడో నెల గూడ రాలేదు. ఆ తర్వాత ఒకనాడు మరదలే ఏడ్చుకుంట ఫోన్ చేసింది.

"వదినా, మీ తమ్ముని పాదం మొత్తం నల్లగైంది. వాసనొస్తాంది. దవాఖానకు రమ్మంటే రాడు. మిల్లుకు మాత్రం పోతడు. మీరన్న రండి వదినా, మీ కాళ్లు మొక్కుత."

నా కాళ్లు మొక్కుతనన్నది. పక్కింటోళ్లు నన్ను ఆటోల కూసోబెట్టి పానగల్ దాకా తెచ్చిన్రు. వాళ్ల మేలు గూడ మరువను.

గదిల తమ్ముడు గోడ దిక్కు తిరిగి పండుకొని ఉన్నడు. నేను వచ్చిన చప్పుడు విని గూడ తిరగలేదు. కాక ఒక మూలకు గొంతుక్కూసోని ఉన్నడు. మరదలు చాయ్ పెడుతాంది. పొయ్యి పక్కన బీడీకట్ట కనపడ్డది. నాకు కోపమొచ్చింది.

"నా మీద ఒట్టేసినవ్ గద రా" అన్న.

కాకనే అందుకున్నడు.

"బిడ్డా, వాన్ని ఏమనకు. పదకొండు దినాలు ఇడిసిండు. నా కండ్ల ముందట ఇడిసిండు. మాయి నలబై ఏండ్ల సంది బీడీ తాగుతున్న నోళ్లు, మేమెవ్వరం గట్ల ఇడువలేదు."

"మళ్ల ఎందుకు పట్టిండు?"

"కూసునేటందుకు."

నాకు అర్థం కాలేదు. కాక చెప్పుకొచ్చిండు. "లారీకి లారీకి నడుమ బీడీ తాగేటంతసేపే మాకు కూసునుడు. బీడీ నోట్లె ఉన్నోన్ని గుమస్తా లేపడు. వాడు గూడ తాగుతడు గద, తెలుసు. బీడీ లేకుండ ఊకెనే కూసుంటే, 'ఏందిరో, అల్లునోలె కూసున్నవ్, లే, గా తవుడన్న ఊడువు' అంటడు. నీ తమ్ముడు బీడీ ఇడిసినంక ఆ పదకొండు దినాలు కూసోనే లేదు. పిక్క పట్టేస్తాంటే గోడకు ఆనుకోని నిలబడుడు. పన్నెండోనాడు మూడు లారీలు వరుసగ వచ్చినయి. నిలబడలేక నా దగ్గరికొచ్చి, 'కాకా, ఒకటియ్యి, జర కూసుంట' అన్నడు. నేనిచ్చిన. నేనే ముట్టిచ్చిన."

కాక కండ్లు తుడుచుకున్నడు. మరదలు చాయ్ గ్లాసు పట్టుకోని అట్లనే నిలబడ్డది. కాలు నొస్తే కూసోవాలె, కూసోవాలంటే బీడీ తాగాలె, బీడీ తాగితే కాలు పోతది. ఇంట్ల మంచం మీద కూసోని ఒట్టు అడిగిన నాకు, కూసునుడు గూడ ఒకలకు దొరకని వస్తువని తట్టలేదు. నా బతుకంత కూసోనే గడిచింది గద.

అప్పుడు తమ్ముడు ఇటు తిరిగిండు.

"నేను ముట్టిచ్చిన మూడోనాడు నువ్వు పడ్డవక్కా."

"నేను పాకురు మీద పడ్డ రా. నల్లాబండ మీద."

"తెలుసు. మరదలు చెప్పింది. నాకు తెలుసు పాకురని. అయినా ఒట్టు తప్పినంకనే గద పడ్డవ్. ఒక్క బీడీకి నీ చెయ్యి ఇరిగింది. ఇంక నేను ఇడిస్తే ఎంత, ఇడువకుంటే ఎంత? తప్పినోడు తప్పినోడే. ఆ ఫికర్‌కు ఇంకోటి తాగిన. తాగినందుకు ఇంకోటి. నీ ముందటికొస్తే అడుగుతవ్. దవాఖానకు పోతే వాళ్లు అడుగుతరు. అబద్ధమన్న ఆడాలె, తిట్లన్న తినాలె. మిల్లుల అయితే ఎవ్వరు అడగరు."

"మరదలు" అని వాడు వాని పెండ్లాన్ని నా వరుసతోటి అన్నడు. చిన్నప్పటి నుంచి అంతే, భయపడ్డప్పుడు నా నోటి మాటలే వాని నోట్లెకొస్తయి.

నేను చాలా మాటలు తయారు చేసుకోని వచ్చిన. ఒక్కటి గూడ పనికిరాలేదు. చిన్నప్పుడు మా వాకిట్ల పిల్లలం ఆడుకునేటప్పుడు ఒట్టు వద్దనుకుంటే తీసేసుకునేటందుకు ఒక మాట ఉండె. అదే యాదికొచ్చింది. వాని చెయ్యి పట్టి నా నెత్తి మీద పెట్టుకున్న. వాడు బెదిరిపోయిండు, మళ్ల ఒట్టు అడుగుతనేమోనని. ఆ చేతిని మెల్లగ ఎత్తి కిటికీ బండ మీద పెట్టిన.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. ఇంక నా మీద లేదు, నీ మీద లేదు."

వాడు చూసిండు చూసిండు, పెదవులు బిగబట్టి నవ్వాపుకున్నడు. "గిది కిటికే గదనే. గట్టు యాడిది?"

"పానగల్‌ల గట్టుకేం తక్కువ రా, గంత పెద్ద చెరువుకట్ట ఉండంగ? ఇక్కడి నుంచి గదే ఒట్టును తీసుకపోతది."

కాక ముందు నవ్విండు. ఆ తర్వాత తమ్ముడు నవ్విండు, నవ్వుకుంట ఏడ్చిండు. చాయ్ తాగి, "దవాఖానకు పోదాం పా" అన్నడు. మూడు నెలలు మరదలు కాళ్లావేళ్లా పడితే కదలనోడు.

అప్పటికే ఆలస్యమైంది. మోకాలి కింది దాకా తీసేసిన్రు. బాపు రెండూర్ల అవతలి నుంచి బిందె నీళ్లు మోసి నిలబెట్టిన కాలు అది.

ఆ వార్డుల ఒక నర్సమ్మ ఉండె. ఆమె పొద్దున్నే వచ్చి కట్టు మార్చుకుంట, "ఇయ్యాల ఎన్ని?" అని అడిగేది. పేషెంట్లు బయటికి పోయి తాగి వస్తరని ఆమెకు తెలుసు. ఒకనాడు తమ్ముడు, "ఒకటి తాగినమ్మా, దూప ఆపుకోలేక" అన్నడు. ఆమె, "చెప్పినవ్, మంచిది. ఏ యాల్లకు మనసు గుంజింది?" అని అడిగి, ఆ యాల్లకు వచ్చి పక్కన ముచ్చట పెట్టి పోయింది. నేను వరండాల ఆమె చెయ్యి పట్టుకోని, "ఎందుకు తిట్టలేదమ్మా?" అంటే, "తిడితే దాచుకుంటరక్కా. దాచుకున్నోల్లను నేను యాడ ఎతకాలె?" అని వేరే మంచం దగ్గరికి పోయింది. ఆమె పేరు గూడ నేను అడగలేదు. ప్రార్థనల 'ఆ నర్సమ్మ' అనే అంట. దేవునికి తెలుస్తది.

అప్పటి నుంచి నేను గూడ ఫోన్ల అదే అడిగేదాన్ని. "ఇయ్యాల ఎన్ని తమ్మీ?" మొదట్ల రెండు అనేటోడు. ఒకనాడు ఒకటి. మళ్ల ఒకనాడు నాలుగు. "నాలుగా? సరే. రేపు మళ్ల చూద్దాం" అనేదాన్ని. అట్ల అనేటందుకు నేను కోపం దిగమింగుకున్న దినాలున్నయి. పొద్దున లేవంగనే వానికి ఇంకో తిప్పలుండె. "బీడీ లేకుంటే కడుపు కదలదక్కా, ఏం చెయ్యాలె చెప్పు, నీకు నవ్వొస్తాంది గని" అనేటోడు. వెనక నుంచి కాక, "దొడ్డికి పోయేటందుకు గూడ పొగబండి కావాలె వీనికి" అని అరిచేది వినపడేది. గోరువెచ్చని నీళ్లు తాగమన్న. వాని అంగీ జేబుకు సరిపోయేటట్టు పాత చీర అంచుతోటి ఒక చిన్న సంచి కుట్టి, పుట్నాలు పోసిచ్చిన. బీడీకి చెయ్యి పోయినప్పుడల్లా సంచికి తగులుతది. ఆకలైనప్పుడు బీడీతోటి ఆకలి చంపుకునే అలవాటు వానిది. పుట్నాలు ఆకలినే తీర్చినయి.

కాక గుమస్తాతోటి కొట్లాడి తమ్మునికి బస్తా మూతులు కుట్టే పని ఇప్పించిండు. కూసోని చేసే పని. ఇంకోటి గూడ చేసిండు. ముఠా అందరిని నిలబెట్టి, "ఇయ్యాల్టి నుంచి లారీకి లారీకి నడుమ పన్నెండు మందిమి కూసుంటం. నోట్లె బీడీ ఉన్నా, పుట్నాలున్నా, నాలుక ఒక్కటే ఉన్నా సరే" అని గుమస్తా ముందట చెప్పిండట. గుమస్తా గొణిగి గొణిగి ఊకున్నడు. ఆ ఒక్క మాట ఆ పదకొండు దినాలల్ల ఎవరన్న అని ఉంటే ఎట్లుండు? నేను ఒట్టుకు బదులు, "నీకు యాడ కష్టమైతాంది రా" అని ఒక్కసారి అడిగి ఉంటే ఎట్లుండు? ఈ రెండూ నన్ను నేనే అడుగుకుంట పడుకున్న దినాలు చాలా ఉన్నయి.

తమ్ముడు ఒకనాడు ఫోన్ల, నేను అడగకముందే, "ఇయ్యాల సున్న" అన్నడు. మర్నాడు గూడ అదే. తర్వాత నేను అడుగుడు బందు చేసిన. వాడు చంకల కర్రతోటి బస్సు దిగి, నెల మొదటి ఆదివారం మళ్ల వచ్చిండు. నన్ను ఎత్తుకోలేడు. ఇద్దరం చెరో కర్ర పట్టుకోని చర్చి మెట్ల దగ్గర నిలబడితే, "ఇప్పుడు ఎవరు ఎవరికి ఉప్పుమూట?" అన్నడు. లోపలికి పోకుండ ఆనాడు మెట్ల మీదనే కూసోని పాటలు విన్నం.

బీడీ లేకుండ మూడేండ్లకు పైన బతికిండు. మొన్నటి ఎండకాలం, మిల్లుల బస్తా మూతి కుట్టుకుంట కుట్టుకుంట పక్కకు ఒరిగిండు. గుండె. కాలిల మూసుకున్నట్టే అక్కడ గూడ దారులు ఎన్నడో పాడైనయని డాక్టరు అన్నడు. మిల్లోళ్లు తీసుకొచ్చినప్పుడు వాని జేబుల నేను కుట్టిన సంచి ఉండె, సగం పుట్నాలతోటి.

మట్టి ఇచ్చి వచ్చినంక వాకిట్ల మగోళ్లు కూసున్నరు. అండ్ల ఒకడు, "బీడీ తాగినన్ని దినాలు బండోలె ఉండె. బీడీ ఇడిసిండు, పానం ఇడిసిండు. ఒంటికి అలవాటైనదాన్ని ఒక్కపాలి గుంజితే గంతే" అన్నడు. నలుగురు తలలూపిన్రు. ఒకడు జేబుల నుంచి కట్ట తీసి పంచిండు. నా తమ్ముడు అంత కష్టపడి చేసిన ఒక్క పని, వాళ్ల చేతుల్ల బీడీ ముట్టించుకునేటందుకు సాకైంది. నాకు వాడు పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"నోరు ముయ్యండ్రా" అన్నడు కాక. అని నా దగ్గరికొచ్చి మెల్లగ, "బిడ్డా, వాని సంచి నాకియ్యవా?" అన్నడు. ఇచ్చిన. కాక అప్పటి నుంచి ఇప్పటికి మూడుసార్లు ఇడిసిండు, మూడుసార్లు పట్టిండు. నేను ఒట్టు అడగలేదు. "ఇయ్యాల ఎన్ని కాకా?" అని మాత్రం అడుగుత. ఆయన నిజమే చెప్తడు.

చదివినోళ్లను నేను అడిగేది ఒక్కటే. మా తమ్ముని పేరు నేను రాయలేదు, రాసినా మీకు తెల్వదు. లారీ పక్కన గోడ నీడకు కూసోని బీడీ ముట్టించే మనిషి మీకు యాడన్న కనపడితే వాన్ని ఒకసారి తలుచుకోండి. బీడీతోటి కాలు పోయినోడని, బీడీ ఇడిసినంక పానం పోయినోడని లోకం అంటది, అననియ్యండి. నొప్పి కాలు మీద పదకొండు దినాలు నిలబడ్డోడని, పడిపోయినంక గూడ మళ్ల లేచి ఇడిసినోడని మీరు యాది పెట్టుకోండి.